రాళ్ళకుంట చౌరస్తాలో ఆలస్యానికి కారణాలు

నమోదు 1

మనిషి బండి తోలడానికిచ్చే తోలుడు పర్మిట్‌తో పాటు ఫోనులా మోగే ఈ తెరపలక కూడా చేతిలో పెట్టారు. బండి ఆలస్యమైన ప్రతిసారీ కారణం ఇందులో రాయాలట. రాయకపోతే పర్మిట్ పోతుందట. ఎంత రాయాలో మాత్రం చెప్పలేదు. కాబట్టి నాకు తోచినంత రాస్తాను. చదివేవాడికి ఓపిక లేకపోతే అది వాడి కర్మ.

నా పేరు భూలక్ష్మి. బండి పాత వ్యాను, స్టీరింగు ఉన్నది. పని: గుట్టకింద కాలనీలో కిడ్నీలు పాడైన వాళ్ళను నగరంలోని డయాలసిస్ సెంటరుకు తీసుకుపోవడం, మళ్ళీ ఇంటికి చేర్చడం. వాళ్ళలో మా అక్క సుగుణ ఒకతి.

ఈరోజు ఆలస్యానికి కారణం: కుడివైపు.

పర్మిట్ పరీక్షలో మొదటి ప్రశ్న అదే. సిగ్నల్ గానీ పోలీసు గానీ లేని కూడలిలో ఎవరు ముందు పోవాలి? కుడివైపు నుంచి వచ్చే బండి. నేను రాసింది సరైన జవాబే అన్నారు. అయితే రాళ్ళకుంట చౌరస్తాలో నా కుడివైపు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. ఎవరో అనడం తప్పు. ఏదో ఒకటి. ఉత్తబండ్లు. తోలేవాడి సీటే ఉండదు వాటిలో. కొన్నిటిలో మనుషులు నిద్రపోతుంటారు, కొన్నిటిలో కూరగాయలు ఉంటాయి, చాలావాటిలో ఏమీ ఉండదు. అవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుని చెయ్యి పట్టే సందు కూడా లేకుండా మా రోడ్డు తప్ప మిగతా మూడు దిక్కులా దూసుకుపోతాయి. వాటి మాటల్లో నా వ్యాను లేదు.

ఇక్కడ ఒకప్పుడు సిగ్నల్ స్తంభాలు ఉండేవట. మాట్లాడుకునే బండ్లకు దీపాలెందుకని పీకేశారు. మొదళ్ళు మిగిలాయి. ఒకదానికి ఎవరో మేకను కడుతున్నారు.

నాలుగు బండ్లు నాలుగు వైపుల నుంచి ఒకేసారి వస్తే ప్రతివాడికీ కుడివైపున ఇంకొకడు ఉంటాడు. అప్పుడు రూలు పనిచేయదు. మనుషులు తోలే రోజుల్లో ఒకడు తల ఊపేవాడు, ఇంకొకడు ముందుకు పోయేవాడు. ఉత్తబండిలో ఎవడి కళ్ళలోకి చూడాలి?

నమోదు 2

ఆలస్యమైతే ఏమవుతుందో తెలియని వాళ్ళ కోసం రాస్తున్నాను. సెంటరులో మిషన్లు తక్కువ, మనుషులు ఎక్కువ. నీ వంతు అయిపోయే సమయానికి తర్వాతి వాడు తలుపు దగ్గర నిలబడి ఉంటాడు. నువ్వు ఎంత ఆలస్యంగా పోతే అంతసేపు నీ రక్తం శుభ్రం కాదు. మిగిలిపోయిన మురికీ నీళ్ళూ ఒంట్లోనే ఉంటాయి. ముందు కాళ్ళు ఉబ్బుతాయి. తర్వాత మొహం. తర్వాత పడుకుంటే ఊపిరి ఆడదు, కూర్చునే నిద్రపోవాలి. ఆ తర్వాతిది రాయను.

మా అక్క బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. కాలు ఉబ్బిన రోజు కుట్టుమిషను తొక్కలేదు. పొద్దున లేవగానే నేను చూసేది అక్క పాదాలే. చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతుంది. ఆ గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసి బండి తీస్తాను.

ఉత్తబండి ఎక్కి పోవచ్చు కదా అని పర్మిట్ ఆఫీసులో ఒకడు అడిగాడు. వాటిని పిలవాలంటే నగరవాసులకిచ్చే నగర సంఖ్య ఉండాలి, మా కాలనీలో ఎవరికీ లేదు. ఉన్నా అవి ఇటు రావు. వాటి పటంలో మా రోడ్డు లేదు. చౌరస్తా దాటితే మేం ఉండేచోటు వాటికి ఖాళీ నేల.

ఈరోజు సమయానికి చేరుకున్నాం. చౌరస్తాలో మా వ్యానులో వచ్చే ఐలయ్య మామ దిగాడు.

నమోదు 3

దిగుడు అంటే ఏమిటో రాయమని పలక అడుగుతోంది. సరే.

ఉత్తబండి ఇంకో బండికి దారి ఇవ్వకపోవచ్చు గానీ నడిచే మనిషికి ఇస్తుంది. మనిషి రోడ్డు మీద కాలు పెడితే ఆగి తీరాలని దానికి నేర్పారు. అందుకని తోలుడుబండ్ల వాళ్ళం ఒకరిని దించుతాం. దిగినవాడు చౌరస్తా నడుమకు పోయి నిలబడతాడు. అన్నీ ఆగుతాయి. మా బండి దాటుతుంది. అవతల అతన్ని ఎక్కించుకుంటాం. నేను దిగడానికి లేదు. తోలేవాళ్ళు రోడ్డు మీద సీటు వదిలితే బండిని దిక్కులేనిదిగా లెక్కగట్టి ఎత్తుకుపోతారు. కాబట్టి జబ్బుమనుషులే వంతులు వేసుకుని దిగుతారు. పోయేటప్పుడు ఒకరు, వచ్చేటప్పుడు ఇంకొకరు.

వంతు ఎవరిదైనా ఎక్కువగా దిగేది ఐలయ్య మామే. ఆయన బస్సు కండక్టరుగా చేశాడు. బస్సులకు కండక్టర్లున్న కాలం మనుషుల్లో చివరివాడినని చెప్పుకుంటాడు. ఎడమచెయ్యి చాచి అరచేతితో అటువైపు బండ్లను ఆపుతాడు. కుడిచేతిని గుండ్రంగా తిప్పుతూ మమ్మల్ని రా రా అంటాడు. వ్యానులో ఉన్న వాళ్ళందరూ నవ్వుతారు. వీపు వెనక మనవరాలి పెళ్ళి ఊరేగింపు వస్తున్నట్టు నిలబడతాడు.

"మామా, నువ్వు చెయ్యి తిప్పకున్నా నేనొస్త. నాకు కండ్లున్నయి" అన్నాను.

"నీకు లైసెన్సు ఇచ్చినోనికి లేవు గద కోడలా. నా భయం నాది" అన్నాడు.

నమోదు 6

ఉత్తబండ్లు ఆగే దూరం తగ్గుతోంది. మొదట్లో మామకు అల్లంత దూరంలో ఆగేవి. ఇప్పుడు ఆయన చొక్కా కొస కదిలేంత దగ్గరికి వచ్చి ఆగుతున్నాయి. ఆగాక కూడా కొంచెం కొంచెం జరుగుతున్నాయి, గేటు తీయమని గేదె తలతో నెట్టినట్టు.

ఎందుకో నాకు తెలుసనుకుంటున్నాను. నేను ఏ కాలేజీలోనూ చదవలేదు. తుక్కుదుకాణంలో పడున్న ట్రాక్టరు మీద తోలడం నేర్చుకున్నాను, పారేసిన పలకలో దొరికింది దొరికినట్టు చదువుకున్నాను. అవి రోజూ చూసినదాన్ని బట్టి నేర్చుకుంటాయని అందులో ఉంది. రోజూ ఒకే మనుషులు, ఒకే చోట, ఒకే వ్యాను ముందు. వీళ్ళు దాటేవాళ్ళు కాదు, అడ్డం నిలబడేవాళ్ళు అని వాటికి అర్థమైపోయి ఉంటుంది. ఆఫీసుకు పోయి చెప్పాను. కౌంటరులో కుర్రాడు, మీది సలహానా ఫిర్యాదా అని అడిగాడు. తిట్టు అన్నాను. ఫారంలో తిట్టుకు గడి లేదన్నాడు. వాడు నవ్వుతూ చెప్పలేదు, అదే నాకు ఎక్కువ మండింది.

ఐలయ్య మామను దిగొద్దన్నాను. రహీమా చిన్నమ్మ, మా వ్యానులో పెద్దామె, నేను దిగుతా అంది. ఆమె మోకాళ్ళు వంగవు. మామ ఒప్పుకోలేదు. ఆడవాళ్ళను రోడ్డు మీద నిలబెట్టి కూర్చుంటే తన టోపీకి అవమానమన్నాడు. ఆయనకు టోపీ లేదు.

నమోదు 8

ఐలయ్య మామ చనిపోయాడు.

రాయడానికి చెయ్యి రావడం లేదు. రాయకపోతే పర్మిట్ పోతుంది, పర్మిట్ పోతే మిగిలినవాళ్ళు పోతారు. రాస్తున్నాను.

ఎప్పటిలాగే దిగాడు. ఎప్పటిలాగే నిలబడ్డాడు. కుడివైపు, ఎదురుగా ఆగాయి. ఎడమవైపు సరుకుబండి ఒకటి నెమ్మదించింది, ఆగింది. మామ మా వైపు తిరిగి కుడిచెయ్యి తిప్పాడు. రా రా. నేను క్లచ్చి వదులుతున్నాను. ఆ సరుకుబండి కదిలింది. తూలినట్టో, పొరపాటు పడ్డట్టో కాదు. పిలిస్తే వచ్చినట్టు నిదానంగా, నేరుగా వచ్చింది. మామ దాని వైపు చూడలేదు, మమ్మల్నే చూస్తున్నాడు. ఆయన చెయ్యి ఇంకా తిరుగుతూనే ఉంది.

అక్క కిటికీలోంచి అరిచింది. రహీమా చిన్నమ్మ నా తల పట్టుకుని సీటు వైపు తిప్పేసింది, నేను చూడకుండా. అయినా చూశాను.

మిగతా ఉత్తబండ్లు మామ చుట్టూ దారి మార్చుకుని పోయాయి. ఆయన ఇప్పుడు వాటికి కూడలిలో ఒక గుంట లాంటివాడు.

ఆరోజు ఎవరికీ డయాలసిస్ కాలేదు.

నమోదు 9

విచారణ జరిగింది. విచారణ చేసినామె నా కంటే కొంచెం పెద్దది. కూర్చోమంది, మంచినీళ్ళు ఇచ్చింది. అన్నం తిన్నారా అని కూడా అడిగింది. అందుకే ఆమె మీద అరవడం కుదరలేదు.

సరుకుబండి కంటితో తీసిన బొమ్మ చూపించింది. అందులో మామ చాలా పెద్దగా కనిపించాడు. ఎడమచెయ్యి అవతలి పక్కకు చాపి ఉంది. కుడిచెయ్యి తిరుగుతోంది. బండి వైపు నుంచి చూస్తే ఆయన దాన్నే పిలుస్తున్నట్టుంది.

"ఆయన రమ్మని చెయ్యి ఊపారు. వాహనం వచ్చింది" అన్నది మేడం.

"మమ్మల్ని పిలిచిండు మేడం. మా బండిని."

"మీకు తెలుసు. దానికెలా తెలుస్తుంది? దాని ముందు నిలబడిన మనిషి రమ్మంటున్నాడు. నడిచేవాళ్ళు సైగ చేస్తే పాటించమనే కదా మనం నేర్పాం."

కోపం ఉంది గానీ కోపం జవాబు కాదని ఆ గదిలో అర్థమైంది. నలభై ఏళ్ళు బస్సులను అలా పిలిచాడు ఆయన. కాలనీలో ఎవరు బండి వెనక్కి తీసినా పక్కన నిలబడి ఎవరో ఒకరు చెయ్యి తిప్పుతారు. చిన్నపిల్లలు కూడా తిప్పుతారు. చెయ్యి ఎవరి కోసం తిరుగుతోందో మనలో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

నివేదికలో తప్పు ఎవరిదీ కాదని రాశారు. కింద కొత్త రూలు ఒకటి రాశారు. ఇకపై తోలుడుబండి నుంచి దిగి నిలబడిన మనిషి నడిచే మనిషి కాదు. బండిలో భాగం. బండికి ఏ హక్కు ఉందో అతనికీ అదే. తోలుడుబండికి ఉన్న హక్కు ఏమిటంటే, చౌరస్తా పూర్తిగా ఖాళీగా ఉన్నప్పుడు దాటవచ్చు.

మీ భద్రత కోసమే అన్నది మేడం. ఆమె నిజంగానే అనుకుంటోంది.

నమోదు 10

ఆలస్యానికి కారణం: చౌరస్తా ఖాళీ కాలేదు.

పొద్దున పోయి నిలబడ్డాం. వ్యాను నీడ మేకను కట్టే మొదలు దాకా జరిగింది, మొదలును దాటింది. ఖాళీ కాలేదు. సెంటరుకు చేరేసరికి అక్క వంతులో సగం పోయింది. రాత్రి అక్క గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయింది. పాదం నొక్కి చూశాను. గుంట పూడలేదు.

నమోదు 12

మామ శరీరాన్ని ఇవాళ ఇచ్చారు. మా కాలనీ వల్లకాడు ఇటువైపే ఉంది గానీ, ఆయన భార్యను పెట్టింది చౌరస్తా అవతల పాత ఊరి శ్మశానంలో. ఆమె పక్కనే పెట్టమని ఎప్పుడూ చెప్పేవాడు. అక్కడ పెట్టకపోతే నిప్పుకుండ పట్టనని కొడుకు మొండికేశాడు. సరే పోదాం, చౌరస్తా దగ్గర ఏమైతే అదయిందని కాలనీవాళ్ళు అన్నారు.

కాలనీలో చావులకు డప్పు కొట్టే బక్కన్న ముందు. ఆ వెనక నిప్పుకుండ పట్టుకుని మామ కొడుకు. ఆ వెనక పాడె. వెనక నేను వ్యానులో, నడవలేని వాళ్ళందరినీ ఎక్కించుకుని. పూడ్చిపెట్టాక అటునుంచి అటే సెంటరుకు పోదామని.

చౌరస్తా దగ్గరికి డప్పు చేరగానే ఉత్తబండ్లు ఆగిపోయాయి.

మూడు వైపులా. కుడివైపు, ఎడమవైపు, ఎదురుగా. దగ్గరికి జరగలేదు, నెట్టలేదు. ఎంతో దూరంలో ఆగి, దీపాలు కూడా తగ్గించుకున్నాయి. పాడె నడుమ నుంచి పోయింది. పాడె వెనక నా వ్యాను పోయింది. స్టీరింగు ఉన్న వ్యాను. ఏదీ కదల్లేదు.

వాటికి ఇది నేర్పారట. ఎప్పుడో ఒకసారి ఒక ఉత్తబండి శవం ఊరేగింపులోంచి చీల్చుకుని పోతే జనం ఒక షెడ్డు నిండా బండ్లను తగలబెట్టారట. అప్పటి నుంచి పాడె కనబడితే అన్నీ ఆగాలి. పాడె వెనక వచ్చేదంతా ఊరేగింపులో భాగం. బక్కన్న చెప్పాడు. ఆయన వృత్తే అది కదా.

మామను ఆమె పక్కన పెట్టాం. తర్వాత సెంటరుకు పోయాం. అందరికీ పూర్తి వంతు దొరికింది.

"సచ్చి దాటిచ్చిండు ముసలోడు" అన్నది అక్క. నవ్వబోయింది, దగ్గు వచ్చింది.

నమోదు 15

మూడుసార్లు పోయి చౌరస్తా దగ్గరి నుంచే వెనక్కి వచ్చాం. అక్క మొహం గుండ్రంగా అయింది. కళ్ళు సన్నబడ్డాయి. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతోంది. రహీమా చిన్నమ్మ ఉంగరం వేలిలోంచి రావడం లేదు, సబ్బు రాసినా.

ఆఫీసుకు పోయాను. దరఖాస్తు పైకి పంపామన్నారు. పైన ఎవరున్నారని అడిగాను. పైకి పంపడమే తమ పని అన్నారు. బల్ల మీద చెయ్యి కొట్టాను. బల్ల పలకదు. నా చెయ్యి నొప్పి పుట్టింది, అంతే.

నమోదు 16

ఆ మాట ముందు అన్నది అక్క. నేను కాదు. ఇది ఎవరు చదివినా తెలియాలని రాస్తున్నాను.

వాకిట్లో కూర్చుని ఉంది, కాళ్ళు బకెట్ మీద పెట్టుకుని. పాడె కడితే దాటుతం గదా అన్నది. నేను అర్థం కానట్టు చీపురు అందుకున్నాను. మళ్ళీ అన్నది. నోర్ముయ్ అన్నాను. అక్కను నేను ఎప్పుడూ ఆ మాట అనలేదు.

పక్కింట్లోంచి రహీమా చిన్నమ్మ విన్నది. వచ్చి అరుగు మీద కూర్చుంది. మా మసీదుల శవాలను మోసే డోలా ఉన్నది, దానికి అవి ఆగుతయో లేదో ఎవరు చూడాలె అన్నది. ఆమె ఎగతాళి చేస్తోందో నిజంగా అంటోందో నాకు తెలియలేదు. ఇద్దరూ కొంచెంసేపు పాడె గురించి బజారుకు పోయే ఆటో గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. బతకడానికి చచ్చినవాళ్ళ వేషం వేయాలా అని అరిచాను. అక్క నా వైపు చూసి, వేషం వేయకపోయినా అదే అయితది గదే అన్నది.

నమోదు 17

మనిషి లేకుండా చేద్దామని నేను పట్టుబట్టాను. వెదురుబద్దల మీద దిండ్లు పేర్చి, తెల్లబట్ట కప్పి, పూలు వేశాం. మోయడానికి కాలనీ కుర్రాళ్ళను బతిమాలి తెచ్చాను. చౌరస్తాలోకి రెండడుగులు వేశారో లేదో, ఎడమవైపు ఉత్తబండి ఆగకుండా వచ్చింది. మోసేవాళ్ళు వదిలేసి పరుగెత్తారు. దిండ్లు రోడ్డంతా పడ్డాయి. దూది ఎగిరింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

మన పాడె మీద మొహం కప్పరు. అవి చూసేది మొహాన్నే అనుకుంటాను. మొహం లేకపోతే అది సామాను.

"మొహాలకేం తక్కువ మనకు? ఒక్కొక్కరిది సూడు, అన్నీ పనికొస్తయి" అన్నది అక్క.

వ్యానులో అందరూ నవ్వారు. నేను కూర్చున్నచోటే స్టీరింగును గుద్దాను.

నమోదు 18

బక్కన్న ఒప్పుకోలేదు. ఆయన మాట మీదే మోసేవాళ్ళు వస్తారు, ఆయన డప్పు లేనిదే అది ఊరేగింపు కాదు. నేను పోయి అడిగితే తల అడ్డంగా ఊపాడు. బతికున్న మనిషిని పాడె ఎక్కించడం అరిష్టమన్నాడు. నువ్వు చిన్నదానివి, నీకు తెలియదన్నాడు. నేను నోటికొచ్చిన మాటలన్నీ అన్నాను. ఆయన వింటూ డప్పుకు సెగ పెట్టుకున్నాడు.

అక్క తానే పోయింది. నాలుగిళ్ళ అవతలికి పోవడానికి మూడుసార్లు కూర్చుంది. నేను పట్టుకోబోతే వద్దంది. ఆయన గడప ముందు కూలబడి, ఊపిరి అందేదాకా ఆగింది.

"చేతులు లేస్తలేవు బిడ్డా, బతికున్నోళ్ళను మొయ్యనీకి" అన్నాడు బక్కన్న ముందే.

"ఎట్లయినా మోస్తవు గద అన్నా" అన్నది అక్క. "రెండు వారాలు ముందుగాల మొయ్యి. అంతే."

బక్కన్న డప్పును గోడకు ఆనించాడు. తర్వాత ఎన్ని గంటలకు రావాలని అడిగాడు.

నమోదు 19

ఇవాళ్టిది.

అక్కకు రహీమా చిన్నమ్మ స్నానం చేయించింది. కుంకుమ పెట్టింది. వెదురు పాడె కొత్తది. బక్కన్న పాతదాని మీద ఎక్కించనన్నాడు. అక్క తానే ఎక్కి పడుకుంది. పడుకుంటే ఊపిరి ఆడదు కదా, తల కింద గడ్డి ఎత్తుగా పెట్టాం. కళ్ళు మూసుకో, నోరు మూసుకో, ఏమైనా సరే కదలకు అని చెప్పాను. కదిలితే శవం కాదని తెలిసిపోతుంది, తెలిస్తే అవి కదులుతాయి. మూడు వైపుల నుంచి. ఇంతకుముందు చెప్పినవన్నీ నా ఊహలే కావచ్చు, ఇది మాత్రం అందరం నమ్మాం.

డప్పు మోగింది. నిప్పుకుండ పట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి ఐలయ్య మామ కొడుకే పట్టుకున్నాడు. నేను వ్యానులో, వెనక.

ఆగాయి. మామకు ఆగినట్టే, దూరంగా, దీపాలు తగ్గించుకుని. ఇంకెంత, సగం దాటితే అయిపోతుంది అనుకుంటున్నాను.

సరిగ్గా నడిమధ్యలో మోసేవాళ్ళు పాడె దించారు.

ఎందుకు దించారో ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. దింపుడు కళ్ళం. దారిలో ఒకచోట పాడె దించి, పోయినవాళ్ళ చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. పలకరని తెలిసినా పిలవాలి. పిలవకుండా మళ్ళీ భుజానికి ఎత్తుకోరు. బక్కన్నకు ఎవరూ చెప్పలేదు ఇవాళ అది వద్దని. ఎవరికీ గుర్తురాలేదు. వాళ్ళ కాళ్ళు, వాళ్ళ చేతులు ఎప్పుడూ చేసే పని చేసేశాయి. మోసేవాళ్ళు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. దించాక పిలవకుండా ఎత్తడం వాళ్ళ వల్ల కాదు.

బక్కన్న వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నెత్తురు సంబంధం వాళ్ళే పిలవాలి. నేను తప్ప ఎవరున్నారు? దిగడానికి లేదు. దిగితే బండి దిక్కులేనిది.

కిటికీలోంచి తల బయట పెట్టాను. అక్కను పేరు పెట్టి పిలవడం నాకు అలవాటు లేదు.

"సుగుణా" అన్నాను.

పిలిస్తే పలికే మనిషి ఆమె. వంటింట్లో ఉన్నా, కుట్టుమిషను చప్పుడులో ఉన్నా, నిద్రలో ఉన్నా ఓ అంటుంది. పలకొద్దు పలకొద్దు అని లోపల మొక్కుకుంటూ పైకి పిలుస్తున్నాను.

"సుగుణా."

చుట్టూ అన్ని ఉత్తబండ్లు. ఒక్క చప్పుడు లేదు. మేక మాత్రం అరిచింది.

"సుగుణా."

పలకలేదు. పెదవి కూడా కదల్లేదు. ఎత్తుకున్నారు, దాటారు. నేనూ దాటాను.

అవతల సందులో వ్యాను ఆపాను. పాడె దించారు. అక్క లేవలేదు. నేను దిక్కుమాలిన రూలును మరిచి దిగి పరుగెత్తాను. భుజం పట్టి కుదిపాను. కళ్ళు తెరిచింది. నన్ను కాకుండా పైన తీగల వైపు చూసింది.

"అక్కా, మంచిగున్నవా?"

"ఆ."

"భయపెట్టినవ్ గదనే."

"పలుకకుండుడు ఎంత తేల్కనో తెలుసానే నీకు" అన్నది. "మూడోసారికైతే పలకబుద్ధే కాలేదు."

సెంటరులో పూర్తి వంతు దొరికింది. మిషను తిరుగుతున్నంతసేపూ అక్క పక్కన కూర్చున్నాను. ఎర్రటి గొట్టాలను చూస్తుంటే అదే మాట చెవిలో తిరిగింది. ఏ ఉత్తబండి కిందా పడకుండా, ఒక్క దెబ్బ తగలకుండా, నా అక్కకు ఇవాళ పిలిస్తే పలకకపోవడం నేర్పారు. రెండు రోజులకొకసారి పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి నేర్పుతారు. నా గొంతుతోనే.

నమోదు 20

తిరుగు దారిలో ఉన్నాం. చౌరస్తాలోనే ఉండి రాస్తున్నాను.

బక్కన్న వాళ్ళు అవతలే కాచుకుని ఉన్నారు. ఈసారి నేను పడుకుంటా అన్నది రహీమా చిన్నమ్మ. అక్క వినలేదు, ఎవరూ చెప్పకముందే పోయి ఎక్కి పడుకుంది. కళ్ళు మూసుకుంది. సాయంత్రం కావడంతో ఉత్తబండ్లు పొద్దుటి కంటే ఎక్కువ. డప్పు వినగానే అన్నీ ఆగాయి.

ఈసారి దించొద్దని బక్కన్నకు చెప్పాను. ఆయన ప్రయత్నం చేశాడు. నడుమకు రాగానే ముందున్న ఇద్దరి అడుగులు ఆగిపోయాయి. పొద్దున దించి, సాయంత్రం దించకపోతే చేసిన తప్పు రెండింతలవుతుందన్నారు. దించారు. బక్కన్న మళ్ళీ వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

నేను పిలవలేదు.

బక్కన్న ఆగాడు. మోసేవాళ్ళు ఆగారు. పిలవనిదే పాడె లేవదు. పాడె లేవనిదే ఉత్తబండ్లు కదలవు. నేను ఇంజను ఆపేశాను.

నగరం వైపు వరస పెరిగింది. ఉత్త సీట్లు, నిద్రపోయే మనుషులు, కూరగాయలు. వరస మలుపు దాటిపోయింది. లోపల నిద్రపోయినవాళ్ళు ఒక్కొక్కరే లేచి అద్దాలకు మొహాలు ఆనించి చూస్తున్నారు. బహుశా మొదటిసారి ఈ చౌరస్తాను చూస్తున్నారు. పలక మోగుతోంది. విచారణ చేసిన మేడం పేరు కనబడుతోంది. మోగనీ.

బక్కన్న వ్యాను దగ్గరికి వచ్చాడు. పిలువు బిడ్డా, పొద్దు పోతున్నదన్నాడు. పిలవనన్నాను. ఆయన పోయి పాడె పక్కన రోడ్డు మీద చతికిలబడి, డప్పును ఒళ్ళో పెట్టుకున్నాడు. మోసేవాళ్ళూ కూర్చున్నారు. రహీమా చిన్నమ్మ వ్యాను దిగి, మోకాళ్ళు పట్టుకుంటూ పోయి అక్క తల దగ్గర కూర్చుని ఈగలు తోలుతోంది.

వ్యాను ముందున్న పాడె మీంచి అక్క గొంతు వినబడింది. పెదవులు కదపకుండా మాట్లాడుతోంది.

"ఏందే, పిలుస్తలేవు?"

"పిలువ."

"మరి ఎట్ల?"

"పండుకో నువ్వు. అవి ఆగినయి గదా. ఆగనీ."

బట్ట కింద ఆమె ఛాతీ లేస్తోంది, దిగుతోంది. నేను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాను.